రానిచ్చారు

మా నాయన నోట ఎక్కువగా విన్న మాట ‘రానిచ్చారు’. "మనూరి పెద్దోళ్ళు మంచోళ్ళురా, మనల్ని రానిస్తారు" అనేవాడు. ఎందాకా? వసారా మెట్టు దాకా. టీ కొట్టు కాడికీ రానిచ్చేవాళ్ళు. మా గ్లాసు విడిగా చూరులో ఉండేది. తాగి, మేమే కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. కడిగేటప్పుడు నీళ్ళు ఎటు పారతాయా, ఎవరి కాళ్ళ కిందికి పోతాయా అని నాయన ఒంగి చూసుకునేవాడు. పొగాకు చేలో పొద్దంతా చేసినా అలవని మనిషి ఆ కొట్టు కాడ చెమటలు కక్కేవాడు.

అంటరానితనం రద్దని రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే చెప్పింది. 1955లో శిక్షల చట్టం కూడా వచ్చింది. చూరులో గ్లాసు చూరులోనే ఉంది.

ఈ రానివ్వటం ఎంత పల్చటిదో కారంచేడు చూపించింది. మాదిగలు తాగే చెరువు నీళ్ళని గేదెల కుడితితో మురికి చేయొద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి, 1985 జూలై 17న, వెంటాడి ఆరుగురిని చంపారు. తరతరాలుగా ఆ పొలాల్లో చేసినవాళ్ళేగదా వాళ్ళు! వంగినన్నాళ్ళూ ‘మావోళ్ళే’. బిందె ఎత్తిన పూట శత్రువులు. బతికినోళ్ళు చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు. చాలామంది మళ్ళీ ఆ ఊరు పోలేదు.

ఆ వార్త తెలిసిన రాత్రి మాయమ్మ దీపం ఆర్పేసి కూర్చుంది. నాయన నాతో ఒకటే అన్నాడు: "చెరువు కాడ ఎవరితోనూ మాట్టాడమాక."

1991లో చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగువు. చదువుకున్న కుర్రాళ్ళు పక్క సీట్లో కూర్చోవటమే వాళ్ళకి సహించలేదు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నాయన అప్పటికి లేడు. ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు.

నాకు ఉద్యోగమొచ్చింది. పట్నంలో అద్దిల్లు దొరికింది. "మాకు పట్టింపుల్లేవండీ, అందుకే మీకిచ్చాం" అని ఇంటాయన ప్రతి నెలా అద్దె తీసుకుంటూ అనేవాడు. మంచివాడే, కాదన్ను. పెద్దకూర తెచ్చిన ఆదివారం మా ఆవిడ కిటికీలన్నీ మూసి వండేది. పిల్లాడు గట్టిగా నవ్వితే నోరు మూసేది. చుట్టాలొస్తామంటే చీకటి పడ్డాక రమ్మనేవాళ్ళం. ఎవరూ ఒక్కమాట అనలేదు. అంటారేమోనని ఆరేళ్ళు చెవులు రిక్కించుకుని బతికాం. నాకు ముప్పై నాలుగో ఏటే బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు.

ఖాళీ చేసి సామాను ఎక్కిస్తుంటే ఇంటావిడ బయటికొచ్చి మా ఆవిడని మెచ్చుకుంది.

"ఆరేళ్ళున్నారు. ఇంట్లో ఒకళ్ళు ఉన్నట్టే తెలీలేదమ్మా."