థెరపీకీ ఒక కొలత

పిల్లల పునరావాస పరిశోధనలో మొదట కొలిచింది పిల్లవాడినే. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మొదలైన జాతీయ మేధోవైకల్య సంస్థ ఇందుకు మంచి సాక్ష్యం. అక్కడ రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో రూపొందించిన బేసిక్-ఎంఆర్ స్కేలులో నైపుణ్యాలకు 280 అంశాలు, సమస్యాత్మక ప్రవర్తనకు 75 అంశాలు ఉన్నాయి. పిల్లవాడు ఎంత మారాడో అంకెల్లో చెప్పే వీలు కలిగింది. ఆ మార్పు కోసం ఇచ్చిన థెరపీ అనుకున్నట్టే సాగిందా? అది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నను 1981లో యీటన్, సెక్రెస్ట్ అనే పరిశోధకులు సూటిగా లేవనెత్తారు. సగం సగంగా ఇచ్చిన చికిత్సను పనికిరాదని తేల్చేస్తే తప్పు చికిత్సది కాదు. 2004లో అమెరికా పరిశోధకుల బృందం ఐదు మెట్లు చెప్పింది: అధ్యయన రూపకల్పన, థెరపిస్టుల శిక్షణ, అందించిన తీరు, అవతలివారికి అందిన తీరు, నిత్యజీవితంలో ఆచరణ.

పిల్లల థెరపీలో కళ్లు తెరిపించింది 2007 నాటి పారమ్ బృందం సమీక్ష. ఇంద్రియ సమన్వయ (సెన్సరీ ఇంటిగ్రేషన్) థెరపీపై వచ్చిన 34 అధ్యయనాలను తిరగేస్తే, పది కీలక ప్రక్రియల్లో అన్ని అధ్యయనాల్లోనూ కనిపించింది ఒక్కటే. పిల్లవాడితో కలిసి పనిచేయాలన్న సూత్రానికి 35 శాతం అధ్యయనాల వర్ణనలే విరుద్ధంగా ఉన్నాయి. 2011లో ఆ థెరపీకి ప్రత్యేక కొలమానం వచ్చింది. గోవా, రావల్పిండిల్లో జరిగి 2016లో ఫలితాలు ప్రచురితమైన పాస్ ప్రయోగంలో, నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రుల ద్వారా ఆటిజం థెరపీ అందించారు. సెషన్ల వీడియోలు చూసి వారి పనికీ మార్కులు వేశారు.

హైదరాబాద్‌తో కలిపి అయిదు ప్రాంతాల్లో చేసి 2018లో ప్రచురించిన సర్వే, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 13.6 శాతం మందికి నాడీ వికాస సమస్యలున్నాయని అంచనా వేసింది. హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి పిల్లల థెరపీ సగం ఇంట్లోనే సాగాలి. అమ్మానాన్నలు ఆఫీసులో ఉంటే నాయనమ్మో, ఆయానో చేయించాలి. సెంటర్లో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు, ఆయాతో హిందీ. భాష మారిస్తే పద్ధతి తప్పినట్టా, పిల్లవాడికి తగ్గట్టు మలిచినట్టా? ఏది మార్చకూడదో, ఏది మార్చవచ్చో పరిశోధన మొదలుకాక ముందే రాసిపెట్టుకోవాలి. ఆ గీత లేకుండా వీడియోలు ఎన్ని తీసినా థెరపిస్టు మీద నిఘా అవుతుందే తప్ప థెరపీకి కొలత కాదు.