పర్ణశాల దారిలో క్రైస్తవ విశ్వాసం: దుమ్ముగూడెం అనుభవంపై ఒక పరిశీలన

లౌకిక ప్రపంచంలో క్రైస్తవ జీవితం గురించి మన వేదాంత కళాశాలల్లో జరిగే చర్చ సాధారణంగా ఐరోపా ప్రశ్నతో మొదలవుతుంది. దేవుడి అవసరం లేదనుకునే కాలంలో విశ్వాసి ఎలా బతకాలి? డీట్రిష్ బాన్‌హోఫర్ 1944లో బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి రాసిన ఉత్తరాల్లో ఈ ప్రశ్నతోనే పెనుగులాడాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో నాజీలు ఆయన్ను ఉరితీశారు. ప్రాణం పెట్టి అడిగిన ప్రశ్న కాబట్టి దాని ముందు తల వంచాల్సిందే. అయితే పర్ణశాల చుట్టుపక్కల ఊళ్లలో దేవుణ్ణి వద్దనుకున్నవాళ్లు తక్కువ. సీతారాముల వనవాసాన్ని తలుచుకుంటూ వచ్చే యాత్రికులు, భూమి పండుగ చేసే కోయ గిరిజనులు, శుక్రవారం మసీదుకు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు అంతా ఒకే సంతలో ఉప్పూ పప్పూ కొంటారు. ఇక్కడి క్రైస్తవుడు రోజూ ఎదుర్కొనేది వేరే దేవుళ్లను కొలిచే ఇరుగుపొరుగును, ఏ మతానికీ చెందని ప్రభుత్వ కచేరీని. ఈ రెంటి నడుమ విశ్వాసాన్ని బతికించింది సువార్త సభలకన్నా రోజువారీ పనేనని దుమ్ముగూడెం చరిత్ర చెబుతోందని నా వాదన.

భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్లే దారిలో, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి అప్పగించాడు. నాగపూర్, బీరారు పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలన్నది ఆర్థర్ కాటన్ కల. దానికి అడ్డుగా నదిలో మూడు చోట్ల రాతి మెరకలున్నాయి, మొదటిది దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకుల పనులు ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ పర్యవేక్షణలో సాగాయి. ఖర్చు పెరిగింది, మన్యం జ్వరాలు మనుషుల్ని కుదేలు చేశాయి, అమెరికా అంతర్యుద్ధం ముగిశాక మన పత్తికి గిరాకీ పడిపోయింది. 1871లో పనులు ఆపేశారు. నౌకామార్గం ఆగినా, దాని పక్కన మొలిచిన క్రైస్తవ సంఘం ఆగలేదు. ఈ వ్యాసానికి మూలం ఆ చిన్న సంగతే.

ఈ సంఘం పుట్టుకలో ముందు వరసలో కనిపించేది ఇంగ్లండు నుంచి వచ్చిన పాదిరి కాదు. పనుల మీద ఉన్న హేగ్, ఆ పనుల్లోనే ఉద్యోగం చేస్తూ క్రైస్తవుడైన వెంకటరామరాజు. రాజు తర్వాత జీతం వదులుకుని కోయల మధ్య సువార్త పనికి దిగాడు, ఆ తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. చర్చి మిషనరీ సొసైటీ చరిత్రల్లో ఆయనకు దక్కిన చోటు చిన్నదే. తెలుగు సంఘ చరిత్రకారులు కూడా ఆయన్ను పట్టించుకోకపోవడం నన్ను బాధపెడుతుంది. కూలీల హాజరు, సరుకుల లెక్కలు, జ్వరపు మందులు నిండిన పని స్థలంలో ఒక గుమాస్తా తన నడవడితో సాక్ష్యమిచ్చాడంటే, లౌకిక జీవితంలో విశ్వాసం గురించి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకేం కావాలి?

అధికారి నమ్మే మతానికి కింది ఉద్యోగి మీద ఉండే పలుకుబడిని మాత్రం దాచకూడదు. పైఅధికారి దొర అయినప్పుడు ఆ కింద పుట్టే విశ్వాసం ఎంత స్వేచ్ఛగా పుట్టిందని అడగడం న్యాయం. రాజు విషయంలో జవాబు ఆయన వదులుకున్న జీతంలోనే ఉందనుకుంటాను. దొర మెప్పు కోసం మతం మారినవాడు ఉన్న ఉద్యోగాన్ని విడిచి అడవి బాట పట్టడు.

తర్వాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ మరో రకం మనిషి. దశాబ్దాలపాటు అక్కడే ఉండి కోయల ఆచారాలు, భాష గురించి రాశాడు. కులాలు, తెగల గురించి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో కోయల అధ్యాయం చాలావరకు ఆయన రాతల మీదే ఆధారపడింది. లూకా సువార్తను కోయలోకి తెచ్చాడు, అది 1889లో మద్రాసులో అచ్చయింది. లిపి లేని జాతి మాటను పుస్తకానికి తగిన మాటగా ఎంచడం చిన్న గౌరవం కాదు. అదే కలం కోయలను కొన్నిచోట్ల చిన్నపిల్లల్లా, అజ్ఞానుల్లా చిత్రించింది, ఆ పై చూపు సంఘానికి చేటు చేసింది. కోయల కోసం మొదలైన మిషన్‌లో కోయలు తక్కువగానే చేరారు. వచ్చినవాళ్లలో మైదానపు దళితులదే పెద్ద పాలు.

ఆ తేడాకు కారణం కోయ ఊరి కట్టులో వెతకాలి. భూమి పండుగనాడు మగవాళ్లు కలిసి వేటకు వెళతారు. కొత్తల పండుగ కాకముందు కొత్త పంటను నోట పెట్టరు. పండుగకు దూరమైన ఇల్లు ఊరికే దూరమవుతుంది. మాల, మాదిగ వాడలకు ఆ పాత కట్టు ఇచ్చింది అవమానమే కాబట్టి వదులుకోవడానికి వాళ్లకు పెద్దగా ఏమీ లేదు. కోయకు మాత్రం అది నేల, చుట్టరికం, తిండి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఈ చిక్కును అర్థం చేసుకున్నాడనడానికి ఆయన నడిపిన దోర్నకల్ అధ్యక్ష మండలం ఆనవాళ్లే సాక్ష్యం. కోతల కాలంలో ధాన్యంతో, కోళ్లతో, కూరగాయలతో చర్చికి వచ్చే కోత పండుగను ఆయన ప్రోత్సహించాడు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథీడ్రల్ గుడినీ మసీదునూ తలపిస్తుంది. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది ఆయన రాజకీయ నిర్ణయం. భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన గట్టిగా నిలబడ్డాడు. లెక్కల్లో బలం చూపించే మతంగా మారితే సంఘం తన సాక్ష్యాన్ని పోగొట్టుకుంటుందని ఆయన భయం. 1949లో రాజ్యాంగ సభలో మతపరమైన మైనారిటీలకు రిజర్వుడు స్థానాలు వదులుకునే నిర్ణయానికి హెచ్.సి. ముఖర్జీ వంటి క్రైస్తవ నాయకులు అండగా నిలిచారు. పొరుగువాడి ఓటును నమ్ముకుని బతకాలన్న ఆ తెగువ ఇవాళ మనకు గుర్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఆదివారం దుమ్ముగూడెం ప్రాంతపు చర్చిలో కోయ విశ్వాసి, మాల విశ్వాసి పక్కపక్కన కూర్చుంటారు. సోమవారం మండల కచేరీలో దారులు విడిపోతాయి. షెడ్యూల్డు తెగల గుర్తింపుకు మతంతో సంబంధం లేదు, బాప్తిస్మం పొందినా కోయ కోయే. షెడ్యూల్డు కులాల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని చూస్తుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం పొందిన మాల కుటుంబానికి దక్కేది బీసీ-సి వర్గంలో 1 శాతం వాటా. అందుకే కొందరు నమ్మకాన్ని ఒక పేరుతో, సర్టిఫికెట్టును మరో పేరుతో మోస్తున్నారు. దీన్ని వేషధారణ అని తేలిగ్గా తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. పిల్లవాడి చదువుకూ, ఒప్పుకున్న విశ్వాసానికీ మధ్య ఒకదాన్ని ఎంచుకోమని అడుగుతున్నది చట్టం. ఆ భారాన్ని పేదవాడి మనస్సాక్షి మీదే మోపడం అన్యాయం.

మతం మారిన గిరిజనులను తెగల జాబితా నుంచి తీసేయాలన్న డిమాండు కూడా కొన్నేళ్లుగా గట్టిగా వినిపిస్తోంది. అది నెగ్గితే కోయ క్రైస్తవుడికీ మాల క్రైస్తవుడి గతే పడుతుంది. దళిత క్రైస్తవుల విషయానికొస్తే, 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కుల గుర్తింపును మతం నుంచి విడదీయమంది. 2022లో ఇదే విషయాన్ని పరిశీలించడానికి కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. ఈ పోరాటాన్ని ఇన్నాళ్లూ దళిత సంఘాలే మోస్తూ వచ్చాయి. ఎస్టీ హోదా భద్రంగా ఉన్న గిరిజన విశ్వాసులు, తమకు నష్టం రాకముందే, అదే బల్ల మీద కూర్చునే వాళ్ల పక్షాన సంతకం పెట్టాలని నేను కోరుతున్నాను.