టికెట్‌పై టైమ్ దాటితే నో ఎంట్రీ.. గ్రనాడా వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇదే!

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది టార్గెట్ ఒక్కటే.. అల్‌హంబ్రా. కానీ అంత దూరం వెళ్లి కూడా అసలైనది చూడకుండానే వెనక్కి వచ్చేవాళ్లు ఉన్నారు. కారణం టికెట్‌పై కనిపించే ఓ చిన్న టైమ్.

అల్‌హంబ్రా అంటే ఒకే భవనం కాదు. కొండ మీద కోట, రాజమందిరాలు, హెనెరలీఫే తోటలు అన్నీ కలిపి ఆ పేరుతోనే పిలుస్తారు. వీటిలో నాస్రిద్ ప్యాలెస్‌లకు మాత్రం టికెట్‌పై వేసిన టైమ్‌కే వెళ్లాలి. లేటైతే ఆ ఛాన్స్ పోయినట్టే. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ టైమ్‌కి మెయిన్ గేటు దగ్గరకు చేరితే చాలనుకుంటారు. అక్కడి నుంచి ప్యాలెస్‌కి ఇంకో పావుగంటకు పైనే నడవాలి. టికెట్లు కూడా వారాల ముందే అయిపోతుంటాయి. అందుకే ఫ్లైట్ కంటే ముందు ఇదే బుక్ చేసుకోవడం బెటర్. టికెట్ పేరు మీదే ఇస్తారు కాబట్టి ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో ఉండాల్సిందే.

ఇంత హడావుడి ఎందుకంటారా? లోపల సింహాల ప్రాంగణం చూస్తే అర్థమవుతుంది. 12 పాలరాతి సింహాలు వీపున మోస్తున్న ఫౌంటెన్ అది. మోటార్లు లేని ఆ రోజుల్లో దర్రో నది నీళ్లను ఎగువ నుంచి కాలువతో కొండపైకి మళ్లించారు. 1238లో మొదలైన నాస్రిద్ వంశ పాలన 1492 జనవరి 2న ముగిసింది. చివరి సుల్తాన్ బోఅబ్దిల్ నగరాన్ని ఇసబెల్లా, ఫెర్డినాండ్‌లకు అప్పగించాడు. వాళ్ల సమాధులు కింద ఊళ్లోని రాయల్ చాపెల్‌లో ఉన్నాయి. ఇండియాకు దారి వెతుకుతానన్న కొలంబస్‌తో ఆ రాజదంపతులు ఒప్పందం కుదుర్చుకున్నది కూడా అదే ఏడాది, గ్రనాడా పక్కనే ఉన్న శాంటా ఫేలో.

టికెట్ దొరకలేదా? ఐదో చార్లెస్ ప్యాలెస్‌లోని గుండ్రటి ప్రాంగణం ఫ్రీగానే చూడొచ్చు. సాయంత్రం అల్బైసిన్ వీధుల్లో పైకి ఎక్కి శాన్ నికోలాస్ వ్యూపాయింట్‌కు చేరితే ఎర్రటి కోట గోడలు, వాటి వెనుక సియెర్రా నెవాడా పర్వతాలు కనిపిస్తాయి. జనం కిక్కిరిసే చోటు, పర్సు జాగ్రత్త.

ఇక తిండి విషయానికొస్తే, ఇక్కడి బార్లలో డ్రింక్ ఆర్డర్ చేస్తే చిన్న ప్లేటు టాపాస్ ఫ్రీగా ఇవ్వడం అలవాటు. శాకాహారులు మాత్రం ముందే చెప్పాలి, లేదంటే ప్లేటులో పంది మాంసం ప్రత్యక్షం కావచ్చు!