ఒకే పేరు, రెండు లిపులు

మాధవరం వైపు సుగాలీలం మేము. మా మాటను తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం. గోండులకైతే సొంత లిపులే రెండున్నాయి! చిక్కు అక్కడే వచ్చింది.

1918లో బాలాఘాట్ ప్రాంతపు గోండు మున్షీ మంగళ్ సింగ్ మసారం ఒక లిపి తయారుచేశారు. దాన్ని కంప్యూటర్లలో చేర్చమని 2010లో యూనికోడ్‌కు ప్రతిపాదన పంపినప్పుడు, పైన రాసిన పేరు ఉత్త 'గోండి'. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండు పెద్దలు దాచుకున్న రాతప్రతుల్లోని లిపి వేరు, అక్షరాల రూపం వేరు. రెంటినీ గోండి అనే పిలిస్తే ఏది ఏదని చూసేవాళ్లు తెలుసుకోవాలి? చివరికి పేర్లు విడదీశారు. మసారం గోండి 2017లో చేరింది. గుంజాల లిపి మరుసటి ఏడు, తన ఊరి పేరుతోనే చేరింది.