పెన్ డ్రైవ్ ఫార్మాటింగ్

పెన్ డ్రైవ్, మెమొరీ కార్డు వంటి నిల్వ సాధనాలలో ఫైలు వ్యవస్థను ఏర్పరచడాన్ని ఫార్మాటింగ్ అంటారు. ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక ఈ వ్యవస్థలో ముఖ్యభాగం. ఇది గ్రంథాలయంలోని పుస్తకాల జాబితా వంటిది. జాబితా చిరిగినంత మాత్రాన అరలలోని పుస్తకాలు పోవు. అలాగే పట్టిక చెడిన పెన్ డ్రైవ్‌లో కూడా ఫైళ్ళు చాలావరకు మిగిలే ఉంటాయి.

ఫైలు వ్యవస్థలు

* ఫ్యాట్32: 1996లో విండోస్ 95 యొక్క ఒక సవరించిన విడుదలతో వచ్చింది. కంప్యూటర్లతో పాటు టీవీలు, కెమెరాలు కూడా దీనిని సాధారణంగా గుర్తిస్తాయి.
* ఎన్‌టీఎఫ్ఎస్: 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. యాపిల్ మ్యాక్ కంప్యూటర్లు దీనిని చదవగలవు కాని, అదనపు సాఫ్ట్‌వేరు లేనిదే దీనిపై వ్రాయలేవు.
* ఎక్స్‌ఫ్యాట్: ఫ్లాష్ మెమొరీ కొరకు మైక్రోసాఫ్ట్ 2006లో ప్రవేశపెట్టింది. 2019లో దీని సాంకేతిక వివరాలను బహిరంగపరచింది. అదే సంవత్సరం లినక్స్ కెర్నల్ 5.4లో దీనికి చోటు లభించింది.

సాధారణ సమస్యలు

ఖాళీ ఉన్నా ఫైలు ఎక్కకపోవడం: ఫ్యాట్32లో ఫైలు పరిమాణాన్ని 32 బిట్లలో నమోదు చేస్తారు. అందువలన ఏ ఫైలూ 4,29,49,67,295 బైట్లను (సుమారు 4 గిగాబైట్లు) మించరాదు. పెద్ద వీడియోలకు ఎక్స్‌ఫ్యాట్ అనుకూలం.

ఫ్యాట్32 ఎంపిక కనిపించకపోవడం: విండోస్ ఫార్మాట్ సాధనం చాలాకాలం 32 గిగాబైట్లకు మించిన డ్రైవ్‌లకు ఈ ఎంపికను ఇవ్వలేదు. ఇది ఆ సాధనానికి ఉన్న పరిమితి మాత్రమే, ఫైలు వ్యవస్థది కాదు. 2024 ఆగస్టులో విడుదలైన విండోస్ 11 పరీక్షా సంచికలో, కమాండ్ లైన్ ద్వారా చేసే ఫార్మాట్‌కు ఈ హద్దును 2 టెరాబైట్లకు పెంచారు.

ఫార్మాట్ చేయమని కంప్యూటర్ కోరడం: పట్టిక చెడినపుడే కాక, లినక్స్ లేదా మ్యాక్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ను పెట్టినపుడు కూడా విండోస్ ఇలా అడుగుతుంది. వెంటనే అంగీకరించరాదు. మొదట వేరొక పోర్టులోను, వేరొక కంప్యూటర్‌లోను పరీక్షించాలి. అప్పటికీ తెరుచుకోకపోతే ఫోటోరెక్, టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాధనాలతో ఫైళ్ళను వెలికితీసి, వాటిని మరొక డిస్కులో భద్రపరచాలి. చెక్‌డిస్క్ వంటి మరమ్మతులు, ఫార్మాటింగ్ ఆ తరువాతనే చేయాలి.

వ్రాయడానికి వీలుకాకపోవడం: ఎస్‌డీ కార్డు ప్రక్కన ఉండే చిన్న మీట లాక్ స్థానంలో ఉన్నదేమో చూడాలి. మెమొరీ అరిగిపోయినపుడు కొన్ని డ్రైవ్‌లు చదవడానికి మాత్రమే అనుమతిస్తాయి. ఇది ఫార్మాటింగ్‌తో నయం కాదు. ఉన్న ఫైళ్ళను నకలు తీసుకొని డ్రైవ్‌ను మార్చడమే మార్గం.

త్వరిత, సంపూర్ణ ఫార్మాట్

త్వరిత ఫార్మాట్ పట్టికను మాత్రమే క్రొత్తగా వ్రాస్తుంది. కనుక దాని తరువాత క్రొత్త ఫైళ్ళేవీ ఎక్కించకుండా ఉంటే పాతవి తిరిగి దొరికే అవకాశం ఉంది. విండోస్ విస్టా నుండి సంపూర్ణ ఫార్మాట్ డ్రైవ్ అంతటా సున్నాలను వ్రాస్తుంది. ఆ తరువాత పాత ఫైళ్ళు ఇటువంటి సాధనాలకు దొరకవు.

ఇవి కూడా చూడండి

* ఫైలు వ్యవస్థ
* ఫ్లాష్ మెమొరీ
* యూఎస్‌బీ