ముగ్గురు సుల్తానుల ఇంటి ఆడపడుచు

శేరిలింగంపల్లి ఐటీ భవనాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో కుతుబ్ షాహీ సమాధులున్నాయి. వాటిలో సుల్తానుల గుమ్మటాలకు దీటుగా నిలిచిన ఒకటి స్త్రీది. ఆమె హయాత్ బక్షీ బేగం. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. జనం నోట మాత్రం ఆమె 'మా సాహెబా'.

1626లో భర్త కన్నుమూసేనాటికి కొడుక్కి 12 ఏళ్లయినా నిండలేదు. పసివాడి పేరిట రాజ్యం నడవడంలో తల్లి మాటకు విలువెక్కువ.

అసలు పరీక్ష 1656లో ఎదురైంది. గోల్కొండ కొలువులో ఉన్న మీర్ జుమ్లా మొఘలుల పక్షం చేరాడు. అబ్దుల్లా అతని కొడుకును ఖైదు చేశాడు. దాన్ని సాకుగా తీసుకుని ఔరంగజేబు కోటను ముట్టడించాడు. అప్పుడు ఈ పెద్దావిడే స్వయంగా శత్రువు శిబిరానికి వెళ్లి కొడుకు తరఫున మాట్లాడింది. ఢిల్లీ నుంచి షాజహాన్ ఆజ్ఞ కూడా రావడంతో ముట్టడి ఆగింది. ఊరికే ఆగలేదు: భారీ పరిహారంతో పాటు, మనవరాలిని ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్లి చేయాల్సి వచ్చింది. కొడుకు గద్దెను నిలిపిన నాయనమ్మ దౌత్యానికి మూల్యంలో కొంత ఆ పిల్లే చెల్లించిందనాలి.

బందరు దారిలోని హయత్‌నగర్, అక్కడి మసీదు, పెద్ద బావి ఆమె పేరుతోనే ముడిపడ్డాయి. ఆమె 1667లో మరణించింది. అబ్దుల్లా 1672 దాకా ఏలాడు. 1687లో గోల్కొండ అదే ఔరంగజేబు వశమైంది.