వాసన పోతే క్రిములు పోయినట్టేనా?

మా బోథ్ వైపు వానలు మొదలవగానే వాగులు పొంగుతాయి, బావినీళ్లు కలకబారతాయి. ఆ వెనకే వాంతులు, విరేచనాలు. అప్పుడు బావిలో కలిపే తెల్లపొడిని మీరు చూసే ఉంటారు. "అబ్బ, ఏం వాసనమ్మా!" అని ముక్కు మూసుకునే ఉంటారు. ఆ బ్లీచింగ్ పౌడరు కథే ఈనాడు చెప్పుకుందాం.

1799లో స్కాట్లండులో చార్లెస్ టెనెంట్ దీనికి పేటెంటు పొందాడు. సున్నానికి క్లోరిన్ వాయువు పట్టిస్తే వచ్చే పొడి ఇది. బట్టలు తెల్లబరచడానికి వాడేవారు. రోగాలకు క్రిములు కారణమని అప్పటికింకా తేలలేదు.

1847లో వియన్నా ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో పోతుండేవారు. శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గమనించాడు. సబ్బుతో కడిగినా ఆ చేతుల వాసన పోయేది కాదు. ఈ పొడి కలిపిన నీళ్లతో కడిగితే పోయింది. అలా కడుక్కునే లోపలికి రావాలన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు పోయిన ఆ వార్డులో జూన్‌లో ఇద్దరే పోయారు. అయినా తోటివైద్యులు చాలామంది ఒప్పుకోలేదు. తమ చేతులే చావును మోసుకొస్తున్నాయంటే ఎవరికి మింగుడుపడుతుంది?

ఆయన వాసనను పట్టుకుని గెలిచాడు. మనం మాత్రం వాసనను నమ్మితే మోసపోతాం. ఇల్లు ఘుమఘుమలాడినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు. శుభ్రం చేయడం వేరు, క్రిములను చంపడం వేరు. సబ్బు జిడ్డును విడదీస్తుంది. నీళ్లతోపాటు మురికీ, క్రిములూ కొట్టుకుపోతాయి. బ్లీచింగ్ క్రిములను చంపుతుంది. కానీ మురికి ఉన్నచోట దాని బలమంతా మురికి మీదే ఖర్చయిపోతుంది. కనుక ముందు కడగండి, తర్వాతే మందు వేయండి. వేసిన వెంటనే తుడిచేయక కాసేపు ఆగండి. తాగేనీళ్లలో క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాలి. పొడి డబ్బాకు మూత గట్టిగా పెట్టండి. గాలి, చెమ్మ తగిలితే బలం తగ్గిపోతుంది.

ఒక్కటి మాత్రం మరవకండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌లో బ్లీచింగ్ ఎప్పుడూ కలపవద్దు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది.

వంటకు ముందు, పసిబిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుందాం. ఆనాటి వైద్యులకు చిన్నతనమనిపించిన పని మనకు చిన్నతనం కాకూడదు కదా!